పద్దెనిమిది అడుగుల కమాను

ముందే ఒక మాట. ఈ రాతలో అడుగులు, అంగుళాలు ఎక్కడ కనబడినా కళ్లు మూసుకుని నమ్మండి. అవి టేపుతో కొలిచినవి. మిగతావన్నీ నా అలవాటు కొద్దీ ఉబ్బించినవి. వెయ్యిమంది జనం అంటే మూడు వందలనుకోండి. భూకంపం వచ్చిందంటే ఎవరో తలుపు గట్టిగా వేశారనుకోండి. ఒక్క అడుగుల దగ్గరే ఈ నిష్ఠ ఎందుకంటే, ఒకసారి ఉత్త నోటితో నాలుగున్నర అడుగులు పెంచి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను.

నేను బాన్సువాడ పాత బజారుకు ప్రచార గుమాస్తాగా ఉండేవాణ్ణి. యాభై దాటి రెండేళ్లే అయింది. గొంతు నాకంటే ముందు రిటైరైంది. మైకు పట్టేవాడికి గొంతే పోయాక కుర్చీ ఎందుకని దాని వెనకాలే నేనూ లేచి వచ్చాను. ఇప్పుడీ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి 'సార్, కిటుకు చెప్పండి' అంటారు. కిటుకు లేదు. చేసిన తప్పులున్నాయి. వాటిలో పెద్దది చెబుతాను.

నీళ్లున్నాయా?

అరవై తొమ్మిదిలో చేరాను. ఆ ఏడు తెలంగాణ ఆందోళనతో మా దారిన బస్సులు నడిచిన రోజులకంటే నిలబడ్డ రోజులే ఎక్కువ. అలాంటి ఏడాది చూసి నాకు యాత్రికులను రప్పించే కొలువిచ్చారు. నిజాంసాగర్ కట్ట చూడబోయే జనాన్ని ఒక గంటసేపు మా బజారులో దింపాలి. దసరాకు, పీర్ల పండుగకు, అంగడి రోజుకు ఎప్పుడు ఎక్కడ చేరాలో చుట్టుపక్కల ఊర్లకు చెప్పాలి. నా ఆయుధాలు ఒక రిక్షా, దాని మీద రెండు హారన్లు, ఏనుగు పిల్లంత బరువున్న బ్యాటరీ, చేతిలో మైకు, సంచినిండా కరపత్రాలు.

మొదటి ఎండాకాలంలోనే ఒక పిక్నిక్ బస్సును ఆపాను. "అమృతం లాంటి చల్లని నీళ్లు! ఇంద్రుడి తోట లాంటి నీడ!" అని అరిచాను. బస్సంతా దిగింది. నీడంటే హోటల్ ముందు కట్టిన గోనెపట్టా. నీళ్లంటే చేదబావి అడుగున తడిమట్టి. చంకలో బిడ్డతో ఒకామె నా మొహంలోకి చూసిన చూపుకు రిక్షా టైర్లు కరిగిపోవలసింది.

మా ఆఫీసు పెద్దసారు కిషన్‌రావు గారు ఇది చూశాడు. ఇంటికి పోయి, ఒక బిందె భుజాన, ఒక బిందె చేతిలో, తానే మోసుకొచ్చి ఆ జనానికి నీళ్లు పోశాడు. బస్సు పోయాక నన్ను పిలిచాడు.

"జనం రావాలంటే మూడు మాటలు చాలు. ఎప్పుడు రావాలె, యాడికి రావాలె, తాగనీకి నీళ్లున్నయా. నాలుగోది చెప్పినవంటే అది నీ సరదా. నీ సరదాకు జనం ఎండల నిలబడొద్దు."

అంతకంటే మంచి పాఠం ఈ పనిలో ఇంకోటి లేదు. తలాడించాను. పదేళ్లపాటు నాలుగో మాట చెబుతూనే ఉన్నాను.

రెండు మెట్లు దిగితే

పాత బజారు నడుమ ఒక రాతి కమాను ఉంది. ఎవరు కట్టించారో ఎవరికీ తెలియదు గనుక నేను నెలకొక రాజుతో కట్టించేవాణ్ణి. దాని ఎడమ కాలులో ఒక పెద్ద గూడు, ఆ గూట్లో మహబూబ్ బీ గాజుల దుకాణం. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి ఆమె అందులోనే కూర్చుంది. భర్త పోయాక ఆ గూడు తప్ప ఆమెకు వేరే ఆసరా లేదు. ఊరంతా ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మా, అనేది. డోంగ్లి వైపు నుంచి వచ్చే మరాఠీ కోడళ్లు కూడా ఖాలా అనే పిలిచేవారు. రోడ్డు మీది నుంచి రెండు మెట్లు కిందికి దిగితే దుకాణం. కాస్త ఎత్తు మనిషైతే నుదురు గుమ్మానికి కొట్టుకోవడం ఖాయం.

ఆ రెండు మెట్లు చూసి నేను కరపత్రంలో రాశాను: 'పాతాళ గాజుల మహల్! రహస్య సొరంగం!' జనం నిజంగానే దిగి సొరంగం ఏదని అడిగేవారు. ఖాలా గాజుల పలక వెనకాల గోడ చూపించేది.

"సొరంగం ఇయ్యాల బందుంది బిడ్డా. వచ్చినవ్ కదా, చెయ్యి ఇటు తే, గాజులేస్తా."

నేను కనబడితే మాత్రం, "ఎన్ని అబద్ధాలురా బేటా! నీ నోటికి తాళమేసేటోడు పుట్టలే" అనేది.

మెట్లు కిందికి ఎందుకున్నాయని పదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు నేను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

కమాను ఎత్తెంతో రాయాలని ప్రెస్సులో అక్షరాలు పేర్చే ఆయన అడిగాడు. నేను కళ్లు మూసుకుని 'పద్దెనిమిది అడుగులు' అన్నాను. మైకులో అరిచి చూసుకోండి. పదమూడున్నర అంటే నోట్లోనే చచ్చిపోతుంది. పద్దెనిమిది బస్టాండు దాకా పోతుంది. దాని పక్కన ఇంకొకటి తగిలించాను: 'ఏనుగు అంబారీతో సహా దూరిపోయేది!'

డెబ్బైల చివర రోడ్ల శాఖ నుంచి ఒక కాగితం వచ్చింది. బస్సులు పెరిగాయి, చెరుకు లారీలు పెరిగాయి, పదమూడున్నర అడుగుల కమాను దారికి అడ్డంగా పొట్టిగా ఉంది. రోడ్ల ఇంజనీరు వచ్చి చూసి, కూల్చాలో ఉంచాలో తేలుస్తాడు. కిషన్‌రావు సార్ ఆ కాగితం నాకు చదివి వినిపించి, "ఖాలాకు నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆమె ఏడవలేదు. చేతిలో ఉన్న గాజును పలక మీద మెల్లగా పెట్టింది.

"గింత బతుకు ఈ గూట్లనే అయింది. ఇప్పుడు యాడికి పోవాలె నేను? ఇన్నేండ్లు మైకుల ఒర్లుతున్నవ్ కదా, ఒక్కసారి పనికొచ్చేటట్టు ఒర్లు."

గోపురం

నా ఆలోచన సులువైంది. ఇంజనీరు వచ్చే రోజే కమాను దగ్గర బజారు పండుగ పెట్టాలి. ఇసుక వేస్తే రాలనంత జనాన్ని చూసి ఆయనే 'ఉంచండి' అని రాసిపోవాలి. నస్రుల్లాబాద్ నుంచి డోంగ్లి దాకా తిరిగాను. తండాల్లో చెప్పాను. కాలువ కింద వరి వేసుకుని స్థిరపడ్డ కోస్తావాళ్ల క్యాంపుల్లో చెప్పాను. నీళ్ల కుండలు ముందే పెట్టించాను, అంత బుద్ధి వచ్చింది.

క్యాంపులో సూర్యనారాయణ గారని ఒక రైతు. ఆయన కరపత్రం రెండుసార్లు చదివి అన్నాడు: "ఏవండీ గుమాస్తా గారూ, కొత్త వరికంకులతో గోపురం కట్టి బండి మీద ఊరేగిద్దామండీ. కమాను కిందుగా పోతుంటే చూడముచ్చటగా ఉంటది."

బండి, ఎడ్లు తండా నుంచి రూప్లా నాయక్‌వి. అతని ఎడ్ల జత కోసం చుట్టుపక్కల ఎవరైనా చెయ్యి కోసిచ్చేవారు. క్యాంపు వరి, తండా బండి కలిశాయి. వారం రోజులు ఇద్దరూ కలిసి వెదుర్లు వంచి కంకులు అల్లారు. నాకు ఛాతీ రెండు గజాలు పొంగింది. కమాను నిండా రంగుకాగితాల తోరణాలు నేనే దగ్గరుండి కట్టించాను. అంత దట్టంగా కట్టించాను, రాయెక్కడ మొదలవుతుందో కింది నుంచి చూసేవాడికి తెలియకుండా.

తోలు రూప్లా!

పండుగ నాడు మధ్యాహ్నం రెండు గంటలకు బండి కమాను ముందుకొచ్చింది. ఇంజనీరు నాలుగింటికి వస్తాడు. ముందు తండా ఆడవాళ్లు అద్దాల రవికెలతో ఆడుతున్నారు, వెనక డప్పులు. రూప్లా కొంచెం దూరంలోనే ఎడ్లను ఆపి తల పైకెత్తాడు.

"అన్నా, పైన తలుగుతదేమో. ఒకసారి చూడరాదే."

దిగి చూడవలసింది. అరుగు మీద నిలబడి మైకులోనే జవాబిచ్చాను.

"పద్దెనిమిది అడుగులు! ఏనుగు అంబారీతో పోయిన కమాను! తోలు రూప్లా, తోలు!"

జనం ఈల వేశారు. రూప్లా తోలాడు.

గోపురం కొస వెదుర్లు తోరణాలకు తగిలి వెనక్కి వంగాయి. వంగి లోపలికి పోయాయి. కమాను నడుమకు పోగానే విల్లులా పైకి లేచి రాళ్ల సందుల్లో దిగబడ్డాయి. బండి ఆగిపోయింది. ఎడ్లు బెదిరి పక్కకు లాగాయి. ఎడమ చక్రం పోయి ఖాలా గుమ్మానికి ఆనుకుంది. పైన రాయి కదిలిన చప్పుడైంది. ఆ చప్పుడును నేను ఉబ్బించడం లేదు. చిన్నదే. పళ్లు నూరినట్టు. కానీ డప్పులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

రూప్లా దూకి ఎడ్ల పలుపులు విప్పి బయటికి తోలాడు. తండా ఆడవాళ్లు వెనక్కి జరిగారు. అప్పుడు లోపలి నుంచి గొంతు వచ్చింది.

"అరె, నా గుమ్మానికి ఎవడ్రా అడ్డం పెట్టింది?"

ఖాలా లోపలే ఉంది. గుమ్మం మొత్తానికి చక్రం అడ్డం. చక్రపు ఆకుల సందుల్లోంచి ఆమె మొహం కనబడుతోంది. పై నుంచి సున్నం, మట్టిరవ్వలు రాలుతున్నాయి. రవ్వ గాజుల మీద పడ్డ ప్రతిసారీ టింగుమని మోగుతోంది.

"వెనక్కి గుంజుదాం పట్టండి!" అని పదిమంది ఉరికారు. "వెదుర్లు నరకండి!" అన్నారు ఇంకొందరు. "చక్రాలల్ల గాలి తీయుండ్రి!" అన్నాడొకడు.

"కట్టె చక్రాలకు గాలేందిరా, అవతలికి జరుగు!"

అలా గద్దించింది రాళ్లు కొట్టే ఎల్లన్న. గద్దించి కమాను కిందికి ఒక్కడే పోయి, తలెత్తి చాలాసేపు చూశాడు. బయటికొచ్చి మెల్లగా చెప్పాడు.

"నడిమి రాయి జారింది. గా వెదుర్లే దాన్ని మోస్తున్నయ్. బండి గుంజితే రాయి వస్తది. వెదురు నరికితే రాయి వస్తది. వచ్చిందంటే ఖాలా నెత్తిమీదికే."

"మరెట్ల?" అన్నాను.

"రాయికి ముందట ఒక మొద్దు, ఎనక ఒక మొద్దు ఆనించాలె. ఆనిచ్చి, చక్రాల కింద తవ్వి బండిని నిలువునా దించాలె. ఇంచు ఇంచు దించాలె. అదిరిందా, అయిపోయినట్టే."

నాలుగు వేళ్లు, నాలుగు వేళ్లు

కట్టెల అడితి నుంచి మొద్దులొచ్చాయి. ఎల్లన్న, అతని తమ్ముళ్లు వాటిని రాయికి ఆనించారు. బండి నొగ కింద దిమ్మె పెట్టారు. ఒక చక్రం కింద నాలుగు వేళ్ల లోతు తవ్వడం, రెండో చక్రం కింద నాలుగు వేళ్ల లోతు తవ్వడం. పార కొట్టడానికి లేదు. గునపం మొనతో గీకి చేతులతో మట్టి తీయాలి. రూప్లా ఒక చక్రాన్ని, సూర్యనారాయణ గారు రెండో చక్రాన్ని ఒరగకుండా పట్టుకుని కూర్చున్నారు. అంత జనంలో వినబడేది గునపం గీత, లోపల టింగు టింగు.

నేను చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాను.

"ఖాలా, గూట్లో మూలకు జరుగు."

"మూలకు గాజులున్నయ్."

"గాజులు పోతే పోయినయ్, జరుగు!"

"నువ్వు నాకు చెప్పొద్దు. నువ్వు చెప్పింది ఇని గాయన బండి తోలిండు."

తోలమన్నది నేనని లోపల కూర్చున్న ఆమెకు కూడా తెలుసు. హారన్లలోనే కదా అరిచాను.

మోకాటి లోతు అయింది. ఇంకా మట్టే, మొరమే. ఒక పొర మీద ఒక పొర. గోపురం మాత్రం పై నుంచి పూర్తిగా విడలేదు. ఎల్లన్న చెమట తుడుచుకుని, "ఇంకెంత లోతుందో ఏమో" అన్నాడు.

లోపలి నుంచి ఖాలా అంది: "ఇంక శాన ఉంది. కింద బండలుంటయ్. బండల దాకా పోవాలె."

"బండలేంది ఖాలా?"

"నేను పెండ్లయి వచ్చినప్పుడు ఈ దుకాణంలకు రెండు మెట్లు ఎక్కి వస్తుంటి. ఏటేటా రోడ్డు మీద మొరం పోసిరి, దాని మీద ఇంక మొరం పోసిరి. ఇప్పుడు రెండు మెట్లు దిగుతున్న. నేనైతే జాగ కదలలే. రోడ్డే పైకొచ్చింది."

పాతాళ మహల్ అని పదేళ్లు అరిచాను. ఆ రెండు మెట్ల కింద ఉన్న సంగతి ఇది. ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది. నేను కల్పించిన సొరంగాలన్నిటికంటే గొప్ప కథ ఆమె గుమ్మం దగ్గరే పడి ఉంది, నేను దాని మీద కూడా నాలుగు తట్టల మొరం పోశాను.

మైకు ఆన్‌లో ఉంది

నాలుగింటికి జీపు వచ్చింది. ఇంజనీరు దిగి చూశాడు. గుంటలో దిగబడ్డ బండి, జారిన రాయి, చక్రం వెనక మనిషి. మొహం ఎర్రబడింది.

"ఇందుకే కూల్చాలనేది. ఈ బండి ఎవరిది?"

"నాదే సార్" అన్నాడు రూప్లా, చక్రం వదలకుండా.

"తాగి తోలావా?"

గుంపులో ఎవరో, "తండోళ్లు కదా సార్, పండుగనాడు తాగకుంట ఉంటరా" అన్నారు. రూప్లా తలెత్తి ఆ గొంతు వైపు చూశాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"పేరు రాసుకోండి. బండి, ఎడ్లు పట్టుకుపోండి. కేసు పెడతాను."

సూర్యనారాయణ గారు జేబులోంచి మడతలు పడ్డ కరపత్రం తీశాడు. "ఆయన చుక్క ముట్టలేదండీ. ఇదిగో, ఇందులో పద్దెనిమిది అడుగులని రాశారు. అచ్చేసిన మాట కదాని మూడడుగులు వదిలి పదిహేను కట్టామండీ. అచ్చులో అబద్ధం ఉంటదని మాకేం తెలుసండీ?"

ఇంజనీరు కాగితం తీసుకున్నాడు. "ఎవరు కొలిచారిది?"

కిషన్‌రావు సార్ నా వైపు చూస్తున్నాడు. కొలువు పోతుందని నాకు తెలుసు. పాత కొలత అనొచ్చు, ప్రెస్సులో తప్పు పడింది అనొచ్చు. నా నాలుకకు అప్పటికే పదిహేను సాకులు తయారుగా ఉన్నాయి. లోపల మళ్లీ టింగుమంది.

మైకు చేతిలోనే ఉంది. ఎత్తాను.

"ఎవ్వరు కొలవలే సార్. నేను పుట్టించిన. రూప్లా ఆగిండు, తలుగుతదేమో చూడన్నడు. నేనే తోలమన్న. ఈ కమాను పదమూడున్నర అడుగులే. తప్పు నాది."

నాలుగు దిక్కులా వినబడింది. మైకు ఆన్‌లో ఉన్నట్టు మరిచిపోయానని ఊర్లో ఇప్పటికీ అంటారు. పదేళ్లు మైకు పట్టినోడు మరిచిపోతాడా? తోలమన్నది ఎంత దూరం వినబడిందో, ఇదీ అంత దూరం వినబడాలనుకున్నాను.

ఇంజనీరు ఏదో అనబోయాడు. అప్పుడే ఎల్లన్న గునపం ఖంగుమంది.

"బండ తగిలింది!"

నున్నగా అరిగిన నల్లరాతి బండ. రెండో చక్రం కింద కూడా అదే. చక్రాలు రెండూ బండ మీద కూర్చోగానే పైన గోపురం కొస సన్నగా ఊగి విడిపోయింది. రాయి మొద్దుల మీదికి దిగింది. కిర్రుమంది. అందరం తలలెత్తి చూశాం, ఇంజనీరుతో సహా. రాయి ఆగింది.

ముందుకు వాలుగా మట్టి తీసి, ఎడ్లు లేకుండా, మనుషులే నొగ పట్టి బండిని లాగారు. పదిహేను అడుగుల గోపురం ఎక్కడా తగలకుండా కమాను దాటింది. ఒక్క కంకి రాలలేదు. ఖాలా గుమ్మంలోకి వచ్చి నిలబడింది, తలనిండా సున్నం. కిందికి చూసింది. మట్టిలోంచి బయటపడ్డ ఆమె పాత మెట్లు రెండు, బండ మీదికి దిగుతూ కనబడ్డాయి.

ఇంజనీరు జీపులోంచి టేపు తెప్పించాడు. కొసను నా చేతికిచ్చి, "నువ్వే పట్టుకో, ఇకమీదట పనికొస్తుంది" అన్నాడు. బండ మీది నుంచి నడిమి రాయి దాకా కొలిచాం. పదహారు అడుగులు. ఆయన వంగి ఆ గుంట అంచున పేరుకున్న మొరం పొరలను వేలితో లెక్కపెట్టాడు.

"పొట్టిది కమాను కాదు, మేము పోసిన రోడ్డే ఎత్తు" అని, కమాను కూల్చే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రూప్లా పేరు రాసిన కాగితం చించేశాడు.

కొత్త కరపత్రం

మొరమంతా తవ్వి రోడ్డును బండల మట్టానికి దించారు. జారిన రాయిని ఎల్లన్న తిరిగి బిగించాడు. నన్ను ఏడాదిపాటు మైకు ముట్టనివ్వలేదు. ఆ ఏడాది నీళ్ల కుండలు నింపించే పని చేశాను. ఆ పనిలో నేర్చుకున్నది మైకు పనిలో నేర్చుకోలేదు. రూప్లా తండాకు పోయి క్షమించమన్నాను. అతను టీ పోశాడు గానీ, "టేపు తెచ్చినవా?" అని అడిగాడు. తెచ్చాను. ఆ రోజు నుంచి అది నా జేబులోనే ఉంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఒకటే మాట. జనాన్ని రప్పించడానికి ఊర్లో లేనిది చెప్పకండి. ఉన్నదాని గురించి అక్కడ కూర్చున్నవాళ్లను అడగండి.

మైకు తిరిగి ఇచ్చాక కొత్త కరపత్రం రాసి, అచ్చుకు పోయేముందు ఖాలాకు చదివి వినిపించాను. ఎప్పుడు రావాలి, ఎక్కడికి రావాలి, నీళ్లున్నాయి. కమాను పదహారు అడుగులు. గాజుల దుకాణానికి రెండు మెట్లు ఎక్కాలి.

ఆమె మోకాళ్లు పట్టుకుని ఆ రెండు మెట్లూ మెల్లగా ఎక్కింది. పైన కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"అన్నీ నిజమే రాసినవ్ గానీ బేటా, ఒక్కటి తక్కువైంది. ముసలితనంల ఖాలాకు మెట్లు పెట్టినోడు ఎవడో గూడ రాయి."

రాశాను. కరపత్రం చివర, చిన్న అక్షరాల్లో, నా పేరు.